ప్లేటు నుంచి ట్యాంకు దాకా హీట్ నంబరు తప్పిపోకుండా మోసుకెళ్లడం ఎలా?

ఫ్యాబ్రికేషన్ షాపు యార్డులో రెండు ప్లేట్లు పక్కపక్కనే పడి ఉన్నాయనుకుందాం. రెండూ 10 మి.మీ. మందం, రెండింటి మీదా అదే తుప్పు రంగు. ఒకటి షెడ్లకూ స్తంభాలకూ వాడే ఐఎస్ 2062 ఈ250. రెండోది ఒత్తిడి తట్టుకునే ట్యాంకులకు వాడే ఎస్‌ఏ 516 గ్రేడ్ 70. లాగి తెంపే పరీక్షలో మొదటిది కనీసం 410 మెగాపాస్కల్స్ తట్టుకుంటే చాలు, రెండోది 485 తట్టుకోవాలి. ముప్పై ఏళ్ల అనుభవమున్న ఫిట్టర్‌ని పిలిచి అడిగినా, కంటితో చూసి ఏది ఏదో చెప్పలేడు. సుత్తితో తట్టినా తెలియదు. చెప్పగలిగింది మూలన కొట్టి ఉన్న నంబరొక్కటే.

ఆ నంబరు ప్లేటు మీద ఉన్నప్పుడు ఏ చిక్కూ లేదు. చిక్కంతా ప్లేటును కోసినప్పుడు మొదలవుతుంది. నంబరు ఒక ముక్క మీద ఉండిపోతుంది, మిగతా ముక్కలు అనాథలవుతాయి. అలా కాకుండా ఏం చేయాలో ఒక చిన్న పని పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా కలిసి చేద్దాం. కంప్రెస్డ్ ఎయిర్ నిల్వ చేసే ట్యాంకు, అంటే ఎయిర్ రిసీవర్. లోపలి వ్యాసం 1,200 మి.మీ., షెల్ పొడవు 2,000 మి.మీ., రెండు చివర్లా మూతల్లాంటి డిష్ ఎండ్‌లు, నాలుగైదు నాజిల్స్. ఇంతకుముందు ఈ పని ఎప్పుడూ చేయకపోయినా ఫరవాలేదు.

ముందుగా రెండు మాటలు తెలియాలి

స్టీల్ ప్లాంటులో కన్వర్టర్‌లోనో ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లోనో ఒక్కసారిగా తయారైన ద్రవ ఉక్కును ఒక హీట్ అంటారు. పెద్ద ప్లాంట్లలో ఒక్కో హీట్ వంద టన్నులు దాటుతుంది. ఆ హీట్‌లోంచి వచ్చిన స్లాబులన్నిటికీ రసాయన కూర్పు ఒక్కటే. అయితే ఆ స్లాబులు వేర్వేరు మందాల్లో రోల్ అవుతాయి, వేర్వేరుగా చల్లారతాయి. అందువల్ల బలం, సాగే గుణం ప్లేటుకూ ప్లేటుకూ కొంత మారతాయి. అందుకే ప్లేటు మీద రెండు నంబర్లుంటాయి. హీట్ నంబరు ఇంటిపేరు లాంటిది, ప్లేటు నంబరు సొంత పేరు లాంటిది. ఇంటిపేరు ఒక్కటే రాసుకుంటే ఆ ఇంట్లో ఎవరో తెలియదు. కొత్తవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే: హీట్ నంబరు రాసుకుని, ప్లేటు నంబరు వదిలేస్తారు.

(మనవాళ్లలో చాలామంది ప్లేట్లు కూడా విశాఖ ఉక్కు నుంచే వస్తాయనుకుంటారు. అక్కడ తయారయ్యేవి కడ్డీలు, వైర్ రాడ్ చుట్టలు, యాంగిల్స్, ఛానెల్స్. ప్లేట్లు భిలాయ్, రూర్కెలా లాంటి ప్లేటు మిల్లులున్న చోట్ల నుంచి వస్తాయి. టీసీ మీద మిల్లు పేరు చూసేటప్పుడు ఇది గుర్తుంటే మంచిది.)

కావలసినవి

మిల్లు ఇచ్చిన టెస్ట్ సర్టిఫికెట్, షాపులో అందరూ టీసీ అనేది. నంబర్ పంచ్‌ల సెట్టు ఒకటి, 6 లేదా 8 మి.మీ. అక్షరాలది. కొనేటప్పుడు మొన గుండ్రంగా ఉన్నవో, చుక్కలతో అంకె పడేవో అడిగి తీసుకోండి. పదునైన మొన ఉన్న పంచ్ ప్లేటులో సన్నని గాటు పెడుతుంది, ఒత్తిడి కింద పగులు మొదలవడానికి ఆ గాటే చాలు. పెయింట్ మార్కర్, వైర్ బ్రష్, టేపు, ఫోను కెమెరా, ఒక మందపాటి రిజిస్టరు. కంప్యూటర్‌లో షీటు పెట్టుకున్నా రిజిస్టరు ఉండాలి, ఎందుకంటే గ్యాస్ కట్టర్ పక్కన లాప్‌టాప్ ఉండదు. మందం చూసే అల్ట్రాసోనిక్ గేజి ఉంటే మరీ మంచిది.

వీటన్నిటికంటే ముఖ్యం ఇంకో మనిషి. ఒకరు చదవాలి, ఇంకొకరు చూడాలి. ఒక్కరే చేసే పని కాదిది.

పద్ధతి

1. లారీ మీద ఉండగానే నంబరు చదువుదాం. ప్లేటు దించి దొంతరలో పెట్టాక మూల కనబడదు, దాని కోసం క్రేన్‌ని మళ్లీ పిలవాలి. వైర్ బ్రష్‌తో మూలను రుద్ది, పంచ్ కొట్టిన నంబరునూ పెయింట్‌తో రాసిన నంబరునూ రెండింటినీ చూడండి. రెండూ ఒకటే కావాలి. ఫొటో రెండు రకాలుగా తీయండి: నంబరు దగ్గరగా ఒకటి, ప్లేటు మొత్తం కనబడేలా ఒకటి. దగ్గరి ఫొటో ఒక్కటే ఉంటే అది ఏ ప్లేటుదో నెల తర్వాత మనకే గుర్తుండదు. 6, 9 దగ్గర జాగ్రత్త. ప్లేటుకు అటువైపు నిలబడి చదివితే 6 కాస్తా 9 అవుతుంది. 3, 8 కూడా తుప్పులో ఒకేలా కనిపిస్తాయి. అనుమానమొస్తే ఆ అంకె మీద వేలు పెట్టి తడిమి చూడండి. కన్ను పోల్చుకోలేని చోట వేలుకు గాడి తెలుస్తుంది.

2. టీసీతో పోల్చుదాం. ఈ మెట్టు దగ్గర తొందర వద్దు. ఒక టీసీలో పది ప్లేట్ల వివరాలు వరుసగా ఉండవచ్చు. మన ప్లేటు నంబరున్న వరుసను వెతికి పెన్సిల్‌తో గుండ్రం చుట్టండి. ఆ వరుస లేకపోతే ఆ టీసీ మన ప్లేటుది కాదు, హీట్ నంబరు కలిసినా సరే. డీలర్ దగ్గర కొన్నప్పుడు ఇది మరీ జరుగుతుంది: ఒక జిరాక్స్ టీసీ, దాంతో పాటు దానికి సంబంధం లేని ప్లేటు.

వరుస దొరికాక అంకెలు చదువుదాం. 516 గ్రేడ్ 70లో మన మందానికి కార్బన్ 0.27 శాతం మించకూడదు. మాంగనీస్ 0.85 నుంచి 1.20 మధ్య ఉండాలి. ఫాస్ఫరస్, సల్ఫర్ ఒక్కొక్కటి 0.025 లోపు. యీల్డ్, అంటే ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి, కనీసం 260 మెగాపాస్కల్స్. తెగే బలం 485 నుంచి 620 మధ్య. ఆ 620ని చూడడం చాలామంది మర్చిపోతారు. బలం ఎక్కువైతే మంచిదే కదా అనుకుంటారు. మరీ గట్టిదైతే వంచేటప్పుడూ వెల్డ్ చేసేటప్పుడూ ఇబ్బంది పెడుతుంది, అందుకే పై హద్దు కూడా పెట్టారు. ప్రమాణం ఎడిషన్ మారినప్పుడు ఇలాంటి అంకెలు కొద్దిగా మారుతుంటాయి, కాబట్టి డ్రాయింగ్ మీద ఏ ఎడిషన్ రాసి ఉంటే దాన్నే తెరిచి పెట్టుకోండి.

కార్బన్ ఈక్వివలెంట్ కూడా లెక్కకడదాం. వెల్డర్‌కు ఎంత ప్రీహీట్ కావాలో చెప్పేది అదే. మాంగనీస్‌ను 6తో భాగించి కార్బన్‌కు కలపాలి. క్రోమియం, మాలిబ్డినం, వెనేడియం మొత్తాన్ని 5తో, నికెల్, కాపర్ మొత్తాన్ని 15తో భాగించి అవీ కలపాలి. కార్బన్ 0.18, మాంగనీస్ 1.08 ఉంటే మొదటి రెంటికే 0.36 వస్తుంది.

తూకమూ చూద్దాం. 2,500 × 6,300 మి.మీ., మందం 10 మి.మీ. ప్లేటు బరువెంత? 2.5 × 6.3 × 10 × 7.85, అంటే సుమారు 1,236 కిలోలు. వేబ్రిడ్జి చీటీలో దీనికి చాలా దూరంగా ఉంటే మందమో, పొడవో, మనకు చెప్పిన మాటో ఏదో ఒకటి తప్పు.

టీసీ కాగితమే అబద్ధమైతే? అలాంటివీ ఉన్నాయి. అమెరికాలోని టకోమాలో ఒక ఫౌండ్రీ నావికాదళ జలాంతర్గాములకు ఉక్కు పోతలు పోసేది. అక్కడి మెటలర్జిస్ట్ 1985 నుంచి 2017 దాకా బలం, పగలకుండా తట్టుకునే గుణం పరీక్షల ఫలితాలు మార్చి రాస్తూ వచ్చారు. 2022లో కోర్టు జైలు శిక్ష వేసింది. మనం మోసే నంబరు కాగితాన్ని నిజం చేయలేదు. అయితే కాగితం తప్పని తేలిన రోజున ఆ లోహం ఏ ట్యాంకులో, ఏ మూల ఉందో చెప్పగలిగేది ఆ నంబరే. ముఖ్యమైన పనైతే ప్లేటులోంచి చిన్న ముక్క కోసి బయటి ల్యాబ్‌లో మనమే పరీక్ష చేయిద్దాం. ఈఎన్ 10204 ప్రకారం 3.2 రకం టీసీ అడగడమూ ఒక దారి. 3.1 మీద మిల్లు తన తనిఖీ విభాగంతో మాత్రమే సంతకం చేయిస్తుంది. 3.2 మీద కొనేవాళ్ల తరఫు ఇన్‌స్పెక్టరో, మరో స్వతంత్ర ఇన్‌స్పెక్టరో కూడా సంతకం చేయాలి.

3. మన సొంత కోడ్ ఇద్దాం. మిల్లు నంబర్లు పొడుగ్గా ఉంటాయి. ప్రతి ముక్క మీదా పది పన్నెండు అంకెలు కొట్టమంటే సాయంత్రానికి పనివాడు రెండంకెలు మింగేస్తాడు. అందుకని ప్లేటుకొక చిన్న కోడ్ పెడదాం: 26-014, 26-015 ఇలా. ముందున్నది సంవత్సరం, తర్వాతిది మన వరుస సంఖ్య. రిజిస్టరులో కోడ్, హీట్ నంబరు, ప్లేటు నంబరు, గ్రేడ్, కొలతలు, టీసీ నంబరు, వచ్చిన తేదీ. ఒక కోడ్ ఒక్క ప్లేటుకే. కొట్టేసిన కోడ్‌ను మళ్లీ ఇంకో ప్లేటుకు ఇవ్వకండి.

4. కటింగ్ ప్లాన్ కాగితం మీద వేద్దాం. మన షెల్‌ను పరిచి కొలిస్తే 1,210ని 3.1416తో గుణించినంత, సుమారు 3,801 మి.మీ. పొడవు వస్తుంది (లోపలి వ్యాసం 1,200కి ఒక మందం కలిపాం). 6,300లో అది పోగా దాదాపు 2,500 మిగులుతుంది. డిష్ ఎండ్ కోసం కోసే గుండ్రటి బ్లాంక్ ఒకటన్నర మీటర్ల వ్యాసం ఉంటుంది కాబట్టి ఈ మిగిలిన చోట ఒక్కటే పడుతుంది. రెండో బ్లాంక్‌కు రెండో ప్లేటు కావాలి. చూశారా, ఇంత చిన్న ట్యాంకులోనే అప్పుడే రెండు ప్లేట్లు కలిశాయి. ప్లాన్‌లో ప్రతి ముక్కకూ పేరు రాయండి: ఎస్1 షెల్, డి1, డి2 డిష్‌లు, ఆర్1 నుంచి నాజిల్ ప్యాడ్‌లు. మిగిలే ముక్కలకూ పేరు పెట్టండి. ప్రతి ముక్క మీద కోడ్ ఎక్కడ కొట్టాలో ఒక చిన్న గుర్తు వేయండి.

5. ముందు నంబరు, తర్వాతే గ్యాస్. అన్నిటికంటే గట్టిగా పట్టుకోవలసిన క్రమం ఇది. ప్లేటు మీద సుద్దతో గీతలు గీశాక, కట్టర్ వెలిగించక ముందే, కోయబోయే ప్రతి ముక్క మీదా కోడ్ కొట్టేయాలి. కోశాక కొడదాంలే అంటే టీకి వెళ్లొచ్చేసరికి రెండు ప్లేట్ల ముక్కలూ ఒకే కుప్పలో ఉంటాయి.

కొట్టే తీరు చూద్దాం. అంచుకు ఆనుకుని కొట్టొద్దు, వెల్డ్ కోసం అంచును ఏటవాలుగా బెవెల్ చేసేటప్పుడు లేచిపోతుంది. వెల్డ్ పడే చోటా కొట్టొద్దు. ట్యాంకుకు బయటివైపు వచ్చే ముఖం మీదే కొట్టాలి, అందుకని ఏది బయటో ముందే పెయింట్‌తో రాసుకోండి. పంచ్‌ను నిటారుగా పట్టుకుని ఒక్క దెబ్బ. రెండో దెబ్బ వేస్తే అంకె జంటగా పడి 3 కాస్తా 8 అవుతుంది. 6 మి.మీ. కంటే పల్చటి ప్లేటైతే పంచ్ వాడకుండా పెయింట్, స్టెన్సిల్‌తోనే సరిపెట్టుకుందాం. కొట్టడం అయ్యాక చుట్టూ పెయింట్‌తో ఒక గడి గీయండి, దూరం నుంచి కూడా కంటికి తగులుతుంది.

ఇప్పుడు రెండో మనిషి పని. ఒకరు మిల్లు కొట్టిన అసలు నంబరును పైకి చదవాలి. ఇంకొకరు రిజిస్టరులో దాని కోడ్ చూసి, ముక్కల మీద ఉన్నది అదేనని చెప్పాలి. ఇద్దరూ సంతకం చేశాకే కట్టర్.

6. కోసి, మిగిలింది కూడా ముక్కే అనుకుందాం. స్క్రాప్ కాని ప్రతి తుండుకూ కోడ్ ఉండాలి. అసలు నంబరున్న మూలను ఆఖరున వాడండి. నంబరు లేని తుండు దొరికితే వెంటనే ఎర్ర పెయింట్ పూసి పక్కన పడేయండి. దాన్ని స్టాండ్లకో, షాపులో బల్లలకో వాడుకోవచ్చు. ట్యాంకులోకి మాత్రం రాకూడదు.

7. బయటికి పంపేవాటిని ప్రత్యేకంగా కాపలా కాద్దాం. డిష్ ఎండ్‌లు మన షాపులో నొక్కం, బయట ప్రెస్ ఉన్న చోటికి పంపుతాం. ఆ షాపులో రోజూ ఎందరివో బ్లాంక్‌లు ఉంటాయి. అవన్నీ గుండ్రంగానే ఉంటాయి. అక్కడివాళ్లు తమ జాబ్ నంబరు సుద్దతో రాసుకుంటారు. ఫర్నేస్‌లో సుద్ద కాలిపోతుంది, మన పెయింటూ కాలిపోతుంది. మిగిలేది పంచ్ ఒక్కటే, అదీ పైన ఆక్సైడ్ పొర (స్కేల్) కట్టి సగం మూసుకుపోతుంది. అందుకని బ్లాంక్‌కు పంచ్ కాస్త లోతుగా, రెండు చోట్ల, అంచు నుంచి ఓ 150 మి.మీ. లోపలికి కొట్టండి. చలానాలో ‘డిష్ ఎండ్‌లు 2’ అని రాస్తే చాలదు. ‘26-014 ఒకటి, 26-015 ఒకటి’ అని రాయండి. తిరిగొచ్చాక స్కేల్ రుద్ది, కోడ్ చదివి, మందం కొలిచి, అప్పుడు చలానా మీద సంతకం పెడదాం. వేడి చేసి నొక్కితే హీట్ ట్రీట్‌మెంట్ చార్టు కూడా అడగండి. ఉక్కు బలం ఆ వేడిని బట్టి మారి ఉండొచ్చు, మిల్లు టీసీలోని అంకెలు అప్పుడు చాలవు.

8. ముక్కల్ని జతచేసే ఫిటప్ దగ్గర పటం గీద్దాం. ట్యాంకును పరిచినట్టు ఒక బొమ్మ గీసి ప్రతి భాగంలో దాని కోడ్ రాయండి. నాజిల్ పైపులకూ ఫ్లాంజిలకూ వాటి హీట్ నంబర్లు వాటి మీదే ఉంటాయి, వాటినీ ఎక్కించండి. పొడుగాటి పైపులోంచి తుండ్లు కోసేటప్పుడు కూడా అయిదో మెట్టే వర్తిస్తుంది. ప్రతి వెల్డ్ జాయింటు పక్కన వెల్డర్ నంబరు, ఎలక్ట్రోడ్ పెట్టె మీది బ్యాచ్ నంబరు, తేదీ రాయాలి. ఎలక్ట్రోడ్ బ్యాచ్ అందరూ మర్చిపోయేదే. పెట్టె చింపి పారేశాక తెలుసుకునే దారి లేదు, అందుకని పెట్టె తెరిచిన వెంటనే లేబుల్‌ని కత్తిరించి రిజిస్టరులో అతికించేద్దాం.

9. పెయింట్ వేయకముందు ఆఖరిసారి చదువుదాం. షాట్ బ్లాస్టింగ్‌తో మార్కర్ రాతలు పోతాయి, ప్రైమర్‌తో పంచ్ గుర్తులు పూడిపోతాయి. అంతకుముందే ట్యాంకు చుట్టూ తిరిగి, ప్రతి కోడ్ పటంతో కలుస్తోందో చూసి ఫొటోలు తీయండి. ఫొటోలో సరిగా పడని చోట పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్దండి. అంకెలు తెల్లగా తేలతాయి. ఆ కాగితం ఫైలులో పెట్టండి.

10. పరీక్ష పెట్టుకుందాం. పనిలో లేని ఒకరిని పిలిచి ట్యాంకు మీద ఏదో ఒక భాగం చూపించమనండి. ఆర్2 ప్యాడ్ అన్నారనుకుందాం. దాని కోడ్, రిజిస్టరు, ప్లేటు నంబరు, టీసీ వరుస: అన్నీ అక్కడికక్కడే బయటికి రావాలి. తర్వాత తిరగేసి అడగమనండి: ‘ఈ హీట్‌లో తేడా ఉందని మిల్లు ఉత్తరం రాసింది, ఇది ఎక్కడెక్కడికి వెళ్లింది?’ చాలా షాపులు మొదటి ప్రశ్నకు జవాబిస్తాయి, రెండోదానికి తడబడతాయి. మిగిలిన తుండ్లు ఏ పనిలోకి వెళ్లాయో రాయకపోవడమే అందుకు కారణం. కాబట్టి రిజిస్టరులో ప్రతి ప్లేటు కింద సగం పేజీ ఖాళీ వదిలి, దాన్నుంచి కోసిన ప్రతి ముక్కా ఎటు పోయిందో రాస్తూ పోదాం.

తరచూ జరిగే పొరపాట్లు

కంప్యూటర్ షీటులో నంబరు కొట్టి, ఆ గడి మూల పట్టుకుని కిందికి లాగడం. 45871 అన్ని వరుసల్లోనూ వస్తుందనుకుంటాం. షీటు తెలివి చూపించి 45872, 45873 అని పెంచుకుంటూ పోవచ్చు. చూడ్డానికి అన్నీ నిజమైన నంబర్లలాగే ఉంటాయి, అదే ప్రమాదం. మధ్యలో ఇంగ్లిష్ ఈ అక్షరం ఉన్న నంబర్లను గణిత సంఖ్యగా మార్చేయడం, ముందున్న సున్నాలు మింగేయడం కూడా దానికి అలవాటే. ఈ చివరి రెండూ జరగకుండా, నంబర్లు ఎక్కించక ముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చుకోండి.

నంబరు పోయిన ముక్కకు ఊహించి నంబరు కొట్టడం. ‘అది 26-014దే, నాకు గుర్తుంది’ అని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఒప్పుకోకండి. కొలతలు, కటింగ్ ప్లాన్, కోసిన అంచు పక్క ముక్కతో కలవడం లాంటి రుజువులుంటే ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టి రాతపూర్వకంగా ఒప్పించుకోవచ్చు. లేకపోతే ముక్క పక్కకే.

పీఎంఐ గన్ ఉందిగా అన్న ధీమా. చేతిలో పట్టుకుని లోహానికి ఆనించి, అందులో ఏ మూలకాలున్నాయో చూసే ఈ ఎక్స్‌రే గన్ కార్బన్‌ను చూడలేదు. మన 516కూ మామూలు 2062కూ తేడా తేల్చమంటే అది తేల్చలేదు. కార్బన్ తెలియాలంటే స్పార్క్ పద్ధతి యంత్రం లాంటిది కావాలి. గన్ బాగా పనికొచ్చేది స్టెయిన్‌లెస్‌లో: 304, 316 చూడ్డానికి ఒకటే అయినా 316లో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, గన్ దాన్ని ఇట్టే పట్టేస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా రియాక్టర్లు చేసే షాపుల్లో ఇది రోజువారీ పని. అక్కడ కూడా 316, 316ఎల్ మధ్య తేడా కార్బన్‌దే కాబట్టి మళ్లీ టీసీ దగ్గరికే రావాలి.

స్టెయిన్‌లెస్ మీద మామూలు మార్కర్, మామూలు వైర్ బ్రష్ వాడడం. కొన్ని సిరాల్లోని క్లోరైడ్లు స్టెయిన్‌లెస్‌ను తినేస్తాయి, మైల్డ్ స్టీల్ బ్రష్ రుద్దిన చోట తుప్పు చుక్కలు లేస్తాయి. క్లోరైడ్ తక్కువని డబ్బా మీద రాసి ఉన్న మార్కర్, స్టెయిన్‌లెస్ తీగల బ్రష్ విడిగా కొని, వాటి పిడికి నీలం టేపు చుట్టి వేరే పెట్టెలో ఉంచండి.